పెద్దావిడ తిట్టిన తిట్టు

కేసినీ అక్కకు,

చియాంగ్ మాయ్‌లో నాకో గది చూసిపెట్టు. పోస్ట్‌డాక్ పరిశోధన ఉద్యోగం ఫలితం ఇంకా రాలేదు. అయినా చూడు, ఎందుకో చెబుతాను.

మాటలు వింటుంటే పసిపిల్లల మెదడులో ఏం జరుగుతుందో కనిపెట్టడం అక్కడి పని. ఇంటర్వ్యూకి ఇద్దరం వెళ్లాం. అమ్మమ్మ ఒళ్లో ఉన్న ఓ పిల్లాడి తలకు తీగల టోపీ పెట్టమన్నారు. రెండో అభ్యర్థి విదేశాల్లో చదివి మన థాయ్ పద్ధతులు మరిచినట్టున్నాడు పాపం, "అబ్బ, ఎంత ముద్దుగా ఉన్నాడో!" అనేశాడు.

"నీ నోరు పడిపోను! దయ్యాలు విన్నాయంటే ఎత్తుకుపోవూ?" అంటూ పెద్దావిడ పిల్లాణ్ణి తీసుకుని తలుపు దాకా నడిచింది.

నేను ఎదురెళ్లి, తల పవిత్రం కదా, ముందు ఆ బుల్లి తలకు దణ్ణం పెట్టి, ముట్టుకోనా అని అడిగాను. ఆ తర్వాత, "ఛీ, ఎంత అసహ్యంగా ఉన్నావురా! నిన్నెవరు ఎత్తుకుంటారు?" అన్నాను.

ఇంటర్వ్యూ చేస్తున్న జర్మనీ ప్రొఫెసర్ బిత్తరపోయాడు. పెద్దావిడ మాత్రం మురిసిపోయి వెనక్కొచ్చి కూర్చుంది. పిల్లాడు నా వేలు చప్పరిస్తూ బుద్ధిగా టోపీ పెట్టించుకున్నాడు.

వెళ్తూ వెళ్తూ ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, దయ్యాలన్నిటికీ వినపడేలా అరిచింది: "ఈ వికారపు మొహానికి ఉద్యోగమా? చచ్చినా రాదు!"

గదికి తూర్పు కిటికీ ఉండేలా చూడు అక్కా.

నీ చెల్లెలు