ఆడపడుచు ఇంటి మంచినీళ్లు

పాలెం,
5-12-2024, గురువారం.

పూజ్యులైన జ్యోతిర్మయి టీచరుగారికి,

చెంచురామయ్యగారి కోడలు శివపార్వతి రెండు చేతులూ జోడించి రాసే ఉత్తరం. సింగరాయకొండలో మీరు, మీ అమ్మగారు ఒంట్లో బాగుండాలని రోజూ దేవుణ్ణి అడుగుతున్నాను. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయాలి. ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

ముందుగా నా చేతిరాతకి, తప్పులకి నన్ను క్షమించండి. ఏడో తరగతితో బడి మానేశాను. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. పైగా వంటింటి గడప మీద కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. మా అత్తగారు మిరపచేలోకి అన్నం తీసుకెళ్లారు. ఆవిడ వచ్చేలోపు ముగించాలి. ఫోన్ చేద్దామంటే ఈ ఇంట్లో ఫోన్లు మగవాళ్ల జేబుల్లోనే ఉంటాయి.

మీరు వెళ్లాక బడికి పక్క ఊరి మాస్టారు వచ్చి పోతున్నారు. పిల్లల్ని వాగు వైపు ఎవరూ పోనివ్వడం లేదు. మీరు బడి గోడ మీద పిల్లలతో రాయించిన ‘మా వాగును మేమే కాపాడుకుంటాం’ అన్న అక్షరాల మీద ఎవరో పేడ కొట్టారు. మా మామగారు మనిషిని పెట్టి దాని మీద సున్నం వేయించారు. ఊళ్లో అందరూ ఆయన మంచితనమనే అనుకున్నారు.

అసలు సంగతికి వస్తాను. నిన్న సాయంత్రం మా మామగారు అరుగు మీద కూర్చుని ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతుంటే లోపలినుంచి విన్నాను. సోమవారం విచారణకి మిమ్మల్ని గుంటూరు రమ్మన్నారట. మీరు వండిన పులిహోర వల్లే పిల్లలకి అలా జరిగిందని మీరే రాసి సంతకం పెడతారట. ఆ టీచరమ్మ మెత్తని మనిషయ్యా, పిల్ల పోయిందన్న దిగుల్లో ఏం రాయమంటే అది రాస్తుంది, దాంతో ఊరికి పీడ వదులుద్ది అని నవ్వారు.

టీచరుగారూ, ఆ సంతకం పెట్టమాకండి. ఆ మాట చెప్పడానికే ఈ ఉత్తరం.

మీరు మొదటిసారి మా ఇంటికి వచ్చి వాగు పండుగ చేద్దామన్నప్పుడు మా మామగారు ఎంత ఎగతాళి చేశారో మీకు గుర్తుండే ఉంటుంది. వాగుకి పండగేంటమ్మా, రేపు మా బోరుకి బారసాల కూడా చేయిస్తారా అన్నారు. మా అత్తగారు మాత్రం గుమ్మంలో నిలబడి, వెనకటి రోజుల్లో జిల్లేళ్లవాగుని ఈ ఊరి ఆడపడుచనేవాళ్లని, కార్తీకంలో ఇంటింటినుంచీ సారె తీసుకెళ్లేవాళ్లని చెప్పారు. చీర, గాజులు, చలిమిడి ఒడ్డున పెట్టి, ఇంటికొకరు మూడు దోసిళ్ల నీళ్లు తాగి వచ్చేవాళ్లట. ఆడపడుచు ఇంటికి పోయి మంచినీళ్లు తాగకుండా వస్తే ఆ పిల్ల చిన్నబుచ్చుకోదా అన్నారు. మీరు ఆ మాటకి ఎంత మురిసిపోయారో. అది మళ్లీ చేద్దాం పిన్నిగారూ అని ఆవిడ చేతులు పట్టుకున్నారు.

గుంటూరు నుంచి ఆఫీసర్లు వస్తారని తెలిశాక మా మామగారే పండుగ కమిటీకి పెద్ద అయ్యారు.

నన్నూ మాట్లాడమన్నారు మీరు. మా పుట్టింటి సంగతి చెప్పమన్నారు. మాది కనిగిరి అవతల పల్లె. అక్కడి బోరునీళ్లు తాగి తాగి మా నాన్న మోకాళ్లు వంకరపోయాయి. పెళ్లిచూపుల్లో మా అమ్మ అబ్బాయి సంగతి అడగలేదు. మీ ఊళ్లో వాగుందటగా, నిజమేనా అని అడిగింది. అదే చెప్పమన్నారు మీరు. అంట్లు తోముతూ ఎన్నోసార్లు చెప్పుకున్నాను. ఆ రోజు మైకు ముందు నిలబడితే నోరు పెగల్లేదు. మీరు నా భుజం తట్టి, మా పార్వతి మనసులో చెప్పేసింది అని అందర్నీ నవ్వించి నన్ను కాపాడారు. నేను మర్చిపోలేదు.

ఇప్పుడు నీళ్ల సంగతి రాస్తాను. జాగ్రత్తగా చదవండి.

ఈ ఏడు వానలు ముందే పోయి వాగు చీలమండ లోతుకి వచ్చింది. ఆఫీసర్లకి ఇసక చూపించి పంపిద్దామా అని మా మామగారు వాగు దాటే చప్టా దగ్గర ఇసక బస్తాలు అడ్డం వేయించారు. పారే నీళ్లని ఆపొద్దండీ అని మీరు అన్నారు. ఒక్క రోజుకేగా టీచరమ్మా, ఆడపడుచుకి చీర పెట్టేటప్పుడు కాసేపు నిలబడమ్మా అనమా అన్నారాయన. అందరూ నవ్వారు. మీరు కూడా నవ్వారు. పండుగనాటికి చప్టా ఎగువన, మా చేను దాకా, నీళ్లు మోకాలి లోతున నిలబడ్డాయి. చూడటానికి నిజంగానే బాగుంది.

మిరపకి ఈసారి నల్ల తామరపురుగు విపరీతంగా పట్టింది. పూత లోపల దూరి మొత్తం రాల్చేస్తోంది. ఊరంతా మందు కొట్టడమే పని. మా చేను వాగు ఒడ్డునే కదా. డ్రమ్ము ఒడ్డున పెట్టి, వాగు నీళ్లు తోడి మందు కలుపుతారు. పని అయ్యాక డ్రమ్ములు, ట్యాంకులు అక్కడే కడుగుతారు. మా వాళ్లే కాదు, ఈ ఊళ్లో అందరూ అంతే. కడిగిందంతా వాగు తీసుకుపోతుంది అంటారు. ఎక్కడికి తీసుకుపోతుందో ఎవరూ అడగరు.

పండుగ రోజు పొద్దున్నే జనం రాకముందే కొట్టేద్దామని మా ఆయన లక్ష్మీకాంత్, మా పాలేరు యలమంద డ్రమ్ము నిండా మందు కలిపారు. నేను టిఫిన్ తీసుకుని వెళ్లేసరికి మా మామగారు బండి మీద వచ్చి కేకలేస్తున్నారు. ఒరేయ్, బుద్ధుందా, ఆఫీసర్లొచ్చే వేళకి ఈ కంపేంట్రా, ఆపు ముందు అని. కలిపిన మందు మర్నాటికి పనిచెయ్యదు. ఉంచుకోవడానికి లేదు. మా ఆయన విసుక్కుంటూ డ్రమ్ముని ఒడ్డు మీద ఒరిగించారు. నీళ్లలో పాలు ఒలికినట్టు తెల్లటి చార సాగింది. నేను రోజూ చూసేదే. టిఫిన్ గిన్నెలు తీసుకుని వచ్చేశాను. కింద బస్తాలున్నాయని, ఈ రోజు వాగు దేన్నీ తీసుకుపోదని నాకు తట్టలేదు. వాసన కూడా ఎవరూ పట్టించుకోలేదు. మిరప కాలంలో మా ఊళ్లో గాలి, బట్టలు, అన్నం అన్నీ మందు వాసనే కదా.

తర్వాత జరిగింది మీరూ చూశారు. సారె పెట్టారు. అందరూ చెయ్యి ముందుకు చాపి మీ వెనక ప్రమాణం చెప్పారు. దోసిళ్లతో నీళ్లు తాగారు. అరటిదొప్పల్లో దీపాలు వదిలే పిల్లల వరస మాత్రం పైన, మా చేను దగ్గర ఉంది. దీపాలు అక్కడినుంచి వదిలితే చప్టా దాకా తేలుతూ వస్తాయని మీరే అక్కడ నిలబెట్టారు. ఆ వరసలో మొదటి పిల్ల ప్రేమమ్మ కూతురు అన్విత.

నేను పులిహోర వడ్డిస్తున్నాను. దీపాల పిల్లలు ఆఖర్న తింటారని వాళ్ల ఆకులు విడిగా పెట్టాను. అన్విత తడి గౌనుతో పరిగెత్తుకుంటూ వచ్చి, పార్వతక్కా, అందరూ మూడు దోసిళ్లే తాగారు, నేను మా అమ్మమ్మ పేరు చెప్పి కూడా తాగా, మా తమ్ముడి పేరు చెప్పి కూడా తాగా అని గొప్పలు పోయింది. మరి వాగమ్మ ఏమందే అంటే, మళ్లీ రమ్మంది అంది. తినవే అని ఆకు అందించబోతే, కడుపులో తిప్పుతోందక్కా, కాసేపాగి తింటా అని వంట గిన్నెల పక్కన కూలబడింది. తర్వాత నోట్లోంచి నురగ రావడం, మీరు ఎత్తుకుని పరిగెత్తడం, జాన్ బాషా అన్న ఆటో, ప్రత్తిపాడు దాటకముందే అంతా అయిపోవడం.

ఆ పిల్ల మీ పులిహోర ముట్టనే లేదు టీచరుగారూ. ఆ ఆకు నేనే తీసి మా గేదె కుడితిలో వేశాను. ఆ గేదె ఇప్పటికీ పాలిస్తోంది. నేనూ రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. వాంతులయినవాళ్లంతా దీపాల వరసలో పిల్లలు, ఎగువన నిలబడి నీళ్లు తాగిన ఆడవాళ్లు. కావాలంటే పేరుపేరునా అడిగించండి.

గుంటూరు ఆసుపత్రిలో పిల్లని కోసి చూస్తామంటే ప్రేమమ్మ చేత వద్దనిపించింది మా మామగారే. పసిబిడ్డని కోయిస్తావా, నీకు చేతులెట్టా వస్తాయి అన్నారు. ఆమె మా చేలోనే కూలి చేసుకునే మనిషి. తలూపింది. ఆ సాయంత్రమే బస్తాలు తీసేశారు. తెల్లారేసరికి వాగు మళ్లీ చీలమండ లోతు.

మర్నాడు బడి ముందు ప్రేమమ్మ మీ మీద దుమ్మెత్తి పోసి, నా బిడ్డకి విషం వండి పెట్టావు కదే అని అరిచినప్పుడు నేను గుంపులోనే ఉన్నాను. మీరు కళ్లల్లో పడ్డ దుమ్ము కూడా తుడుచుకోకుండా, తలొంచుకుని, అవునమ్మా అన్నారు. ఆ అవును అన్న మాట రోజూ నా చెవుల్లో పడుతోంది. మీరు నిజంగానే అలా అనుకుంటున్నారని నాకప్పుడు తెలిసింది.

సోమవారం మీరు ఈ మాట చెప్పండి చాలు. పిల్ల పులిహోర తినలేదు, నీళ్లు తాగింది అని. జాన్ బాషా అన్నని పిలిపించండి. ఆటోలో పిల్ల కక్కిన చోట ఎన్నిసార్లు కడిగినా మందు వాసన పోవడం లేదని నాతో అన్నాడు. అడిగితే ఎవరి ముందైనా చెప్తాను చెల్లెమ్మా, నాకు మీ మామతో పనేముంది అన్నాడు. ఈ ఉత్తరం పోస్టులో వేసేది కూడా ఆయనే.

నా పేరు మాత్రం ఎక్కడా చెప్పమాకండి. నాకిప్పుడు అయిదో నెల. మా ఆయన చెడ్డమనిషి కాదు. ఆ రోజు నుంచి కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోతున్నారు. యలమంద పని మానేసి ఎటో వెళ్లిపోయాడు. అది పొరపాటే. ఎప్పుడూ చేసే పనే ఆ రోజూ చేశారు. అంతకన్నా ఏం రాయాలో నాకు తెలియడం లేదు.

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. మీరు వేళకి అన్నం తినండి.

మీ పాఠం వినకుండానే మీ శిష్యురాలినైన,
శివపార్వతి.

తా.క. సంతకం పెట్టి కాగితం మడిచాను. మళ్లీ విప్పాను. పైన పొరపాటు అని రాశాను. డ్రమ్ము ఒరిగించడం వరకు పొరపాటే. తర్వాతది కాదు.

మా ఇంట్లో ఎవరూ ఆ నీళ్లు తాగలేదు. నేను దోసిలి పట్టి వంగినప్పుడు మా అత్తగారు నా మణికట్టు గట్టిగా పట్టుకుని వెనక్కి లాగారు. వట్టిమనిషివి కాదు, చన్నీళ్లు వద్దులే అన్నారు. ఆవిడ మాత్రం దోసిలి కళ్లకద్దుకుని వదిలేశారు. మా మామగారు అందరూ చూస్తుండగా చేతులు నోటిదాకా తీసుకెళ్లి, వేళ్లు సడలించి, తడి చేత్తో మీసం తుడుచుకున్నారు. మా ఆయన తలనొప్పని చప్టా మీదే ఆగిపోయారు. అప్పుడు నాకేమీ అర్థం కాలేదు. అన్వితని పూడ్చి వచ్చాక, పొయ్యి దగ్గర, మీకు ముందే తెలుసా అత్తయ్యా అని అడిగాను. ఆవిడ తలెత్తలేదు. కుర్చీలేశారు, మైకు పెట్టారు, ఆఫీసర్లు వచ్చి కూర్చున్నారు, అంతమందిలో తాగొద్దని ఎట్టా చెప్పమంటావు అన్నారు.

ఇది ప్రేమమ్మకి ఎలా చెప్పాలో, చెప్పాలో వద్దో మీరే ఆలోచించండి. చదువుకున్నవారు. ఆమె రోజూ పొద్దున్నే మా చేలోకే వస్తోంది. మా అత్తగారు పోసిన మజ్జిగే తాగుతోంది.

ఈ ఉత్తరం మీ దగ్గర ఉంచుకోమాకండి. చించి పారెయ్యమాకండి, నీళ్లలో వెయ్యమాకండి. చదవగానే కాల్చెయ్యండి.