పార్కులో గోరింట పొద

బావా,

నువ్వు పోయాక ఇది మొదటి చలికాలం. దగ్గు ముదిరి మగ్గం పని మానేసిన తరువాత నువ్వు సాయంత్రాలు తిరుత్తణి పార్కులో కూర్చుని, గోరింట పొదలోకి గుంపుగా చేరే పిచ్చుకలను చూసేవాడివి కదా. ఈ మార్గళి నెలలో నేనైనా చూద్దామని నిన్న వెళ్లాను. పనివాడొకడు ఆ పొదను నరుకుతున్నాడు.

"యాల కొట్టేస్తా ఉండావన్నా?"

"ఈడ ఫౌంటెన్ కడతారంట అక్కా. ఆఫీసులో చెప్పినారు."

"పొద్దుగూకితే పిచ్చుకలు వస్తాయే, యాడికి పోతాయి?"

అతను కత్తి ఆపి నాకేసి చూశాడు. "నేనేం చేసేది అక్కా?" అని మళ్లీ నరకసాగాడు.

పార్కు ఆఫీసుకు పరిగెత్తాను. తాళం వేసి ఉంది. తిరిగొచ్చేసరికి కొమ్మలు బండికెక్కాయి.

పొద్దుగూకే వేళకు పిచ్చుకలు వచ్చాయి. పొద ఉన్నచోట గాలిలో తిరిగి, కరెంటు తీగ మీద వాలి, మళ్లీ అక్కడికే దిగబోయాయి. ఆస్పత్రిలో నీ మంచం పక్కన నిలబడినట్టే, కొంగు పట్టుకుని నిలబడ్డాను. చలి ఎక్కువయ్యాక అవి స్టేషన్ వైపు వెళ్లిపోయాయి.

అవి వాలడానికి మనింట్లో దూలాలున్నాయి గదా అని, ఇంటికొచ్చి తలుపు వేయకుండా కూర్చున్నాను. ఒక్కటీ రాలేదు బావా.