ఉన్నాడా, లేడా?

ఆదోని, బుధవారం రాత్రి

ఒకే సంగతి ఉండటం, లేకపోవడం రెండూ నిజం కావని గ్రీకులు అన్నారట. పాత బౌద్ధులు మాత్రం 'ఉంది, లేదు, రెండూ, రెండూ కాదు' అని నాలుగు దారులు చూశారట. ఈ రోజు తర్కం సార్ చెప్పాడు.

నా పక్కన కూర్చునే గంగమ్మ లేచింది. "మా నాయన సంగతీ అట్లే సార్. మా ఊరు కోసిగి నుంచి పనికి పోయినాడు, ఏండ్లయినా రాలేదు. ఉన్నాడో లేడో..."

"నీకు తెలియకపోయినా రెండిట్లో ఒకటే నిజం. ఇన్నేళ్లు రానివాడు లేడనే రాసుకో," అన్నాడు సార్. క్లాసంతా నవ్వింది.

సాయంత్రం హాస్టల్లో గంగమ్మ వాళ్ళమ్మకు ఫోన్ చేసింది. "అమ్మా, నాయన లేడు. ఇంక ఎదురుసూడొద్దు."

"యాడ దొరికినాడే? ఎవురు సూసినారు?" అని ఆమె అరవడం నాకూ వినిపించింది. గంగమ్మ ఫోన్ పెట్టేసింది.

ఇప్పటికి కోసిగిలో ఆ ఇంటి ముందు, చావు కబురనుకుని జనం చేరి ఉంటారు...