నీ కిటికీ పక్క మంచం

గ్రేసీ తల్లీ,

నీ ఆయాసానికి సముద్రపు గాలి మంచిదని డాక్టరు చెబితే నాన్న కృష్ణపట్నం ఒడ్డున కట్టించిన ఇల్లు, నువ్వు పోయాక మొదటిసారి ఈ రోజు అద్దెకిచ్చాం. "మూసిపెడితే ఉప్పుగాలికి పాడైపోతాది సుగుణా" అని నాన్న అంటే, ఈసారి కాదనలేకపోయాను.

వేసవి సెలవులు గడపడానికి నెల్లూరు నుంచి ఒక కుటుంబం వచ్చింది. వాళ్ళమ్మాయికి నీ వయసే ఉంటుంది. బండి దిగగానే లోపలికి పరుగెత్తి, కిటికీ పక్కనున్న నీ మంచం మీద కూర్చుంది.

"అమ్మా, ఈడినించి పడవలు కనిపిస్తా ఉండాయి. నేను ఈడే పడుకుంటా" అని వాళ్ళమ్మతో చెప్పింది. నీ దుప్పటి మాత్రం తీసి దాచుకుని, వేరేది పరిచాను.

"మీకు పిల్లల్లేరా?" అని ఆ పిల్ల నన్ను అడిగింది. నేను దిండుకు గలేబు తొడుగుతూ ఉండిపోయాను. గడపలో నిలబడ్డ నాన్న, "ఒక కూతురుండాది. పేరు గ్రేసీ" అన్నారు.

నిన్ను సమాధి చేసిన రోజు నుంచి నాన్న నోట నీ పేరు వినడం ఇదే మొదటిసారి. ఆ మాటన్నాక, అన్నానికి పిలిస్తే రాలేదు. వెళ్ళి చూస్తే బావి దగ్గర, నిండి పొర్లుతున్న గోలెంలోకి నీళ్ళు తోడిపోస్తూనే ఉన్నారు.

అమ్మ