పాత కారుకి మూడేళ్ల వారంటీ

ఫైలీ, మంగళవారం

విన్నీ అక్కా, క్షేమంగా చేరాం, వానే వదలడం లేదు.

మన చక్రాల ఇల్లు, ఆ కారవాన్‌ని లాగడానికి మళ్లీ పాత కారే కొన్నాం. నీ మరిది క్లిఫర్డ్ ఎప్పటిలాగే కిందకి దూరి, వెనక కొక్కెం దగ్గర తుప్పు గోకి చూశాడు. కానీ ఇన్నాళ్లూ "చేతకానివాళ్ల బండి" అని వెక్కిరించిన, గేర్లు మార్చక్కర్లేని ఆటోమేటిక్‌నే ఎంచాడు. వారంటీ పొడిగిస్తామంటే కసిరికొట్టే మనిషి, మూడేళ్లకి తీసుకున్నాడు.

"దండగ కాదూ? రిపేర్లన్నీ నువ్వే చేసుకుంటావుగా!" అన్నాను.

"నీకు బానెట్ తెరవడం కూడా రాదు కదే," అంటూ సంతకానికి కాగితం నావైపు తోశాడు. కారు నా పేరు మీదే ఉంది.

పోయినవారం డాక్టరు గదిలోకి ఒక్కడే వెళ్లొచ్చి "ఉత్త దగ్గే" అన్నాడు. ఉత్త దగ్గు కాదని నాకు ఆ వారంటీ కాగితం చూశాకే అర్థమైంది. ఇద్దరం ఆ మాట ఎత్తడం లేదు. నువ్వూ ఎత్తకు.

నా నీలం స్వెటర్ మీ ఇంట్లో ఉందేమో చూడు. పిల్లికి చేప ఎక్కువ పెట్టకు.

నిన్న కారవాన్‌ని రివర్స్‌లో నెట్టి నిలపడానికి నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాడు. ఎప్పుడూ నేను నిలబడే చోట తను వానలో నిలబడి, దగ్గుకుంటూ చేతులూపాడు. అద్దంలో చూస్తూనే ఉన్నాను.

బావకి, పిల్లలకి నా ముద్దులు. వచ్చే వేసవికి నువ్వు రావాలక్కా. వెనక నిలబడి చెయ్యూపే మనిషి కావాలి.

నీ ఎడ్నా