ఆరడుగుల అవతల

మార్చి 2
ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి తొమ్మిది రోజులు. ఎడమ కాలర్‌బోన్ కింద అగ్గిపెట్టెంత ఉబ్బు. అదే నా పేస్‌మేకర్. పరామర్శకు వచ్చినవాళ్ళు ముందు దాన్ని చూస్తారు, తర్వాత చూడనట్టు ఫ్యాను వంక చూస్తారు. పక్కింటావిడ మాత్రం అడిగేసింది, దీనికి చార్జింగ్ ఎప్పుడు పెడతావమ్మా అని. పడుకునే ముందు అన్నాను. నమ్మింది.

మార్చి 5
ఈరోజు కింద షాపులోకి దిగాను. కాలిపోయిన మోటార్లకు కొత్త రాగి తీగ చుట్టే షాపు మాది. బి.టెక్ ఎలక్ట్రికల్ అయ్యాక రెండేళ్ళుగా నాన్న పక్కన నేనూ చుడుతున్నాను. కిటికీ దగ్గరి బెంచీ నాది.

నాది అనుకున్నాను. దాని ముందు స్టూలు మీద బావ కూర్చున్నాడు. అక్క మొగుడు. ఇన్సూరెన్స్ అమ్మాడు, అది మానేసి వాటర్ ఫిల్టర్లు అమ్మాడు, అదీ మానేసి మమ్మల్ని ఉద్ధరించడానికి వచ్చాడు.

నేలంతా పసుపు పెయింటు గీతలు. డ్రిల్లు చుట్టూ ఒక వలయం, గ్రైండరు చుట్టూ ఒకటి. గోడకు లామినేట్ చేసిన చార్టు. డ్రిల్లు, గ్రైండరు: 6 అడుగులు. తిరిగే మోటారు: 12 అడుగులు. వెల్డింగ్: 24 అడుగులు. నా పేస్‌మేకర్‌కు మెషిన్ల కరెంటు అడ్డు తగలకుండా డాక్టర్లు డిశ్చార్జి కాగితంలో రాసిచ్చిన దూరాలట. షాపు పొడవే ఇరవై రెండడుగులు బావా, వెల్డింగ్ చేసేటప్పుడు నేను రోడ్డు మధ్యలో లారీలకు ఎదురు నిలబడాలా అన్నాను. బావ గడ్డం గోక్కుంటూ సీరియస్‌గా ఆలోచించాడు. రోడ్డెందుకు మరదలా, పైకి వెళ్ళిపో అన్నాడు.

జోకు ఇతని దాకా చేరడానికి ఎన్ని అడుగులు పడుతుందో ఏ డాక్టరూ రాసివ్వలేదు.

మార్చి 9
మిక్సీ వేస్తున్నానే, అవతలికి పో అని అమ్మ వంటింట్లోంచి కేక. ఇస్త్రీ పెట్టె కనబడకుండా దాచారు. కరెంటుకూ నాకూ విడాకులు ఇప్పించారు.

మార్చి 14, సాయంత్రం 5
పిండిమర ఆయన మోటారు తెచ్చి దబ్బున దించాడు. బావ చుట్టినది. రెండు గంటలు తిరిగి పొగ కక్కిందట. ఎవరయ్యా ఇది చుట్టింది, జడ అల్లినట్టుంది, మీ అమ్మాయి చేతిదైతే ఇలా ఏడ్చేదా అన్నాడు. బావ మొహం చిట్లించి, వోల్టేజ్ ప్రాబ్లమండీ అన్నాడు. ఊళ్ళో వోల్టేజంతా ఇతని మీద పగబట్టింది పాపం.

నాన్న ఆ మోటారును అటూ ఇటూ తిప్పి చూశాడు. పిండిమర ఆయన వెళ్ళాక నాతో అన్నాడు, ఒకటో తారీఖు నుంచి బెంచీ బావకే ఇచ్చేస్తున్నా, నువ్వు ముందు గదిలో ఫోన్లు చూసుకో, పాపకి ఇక రెస్టు అని.

బాగుచేయడం కుదరని మోటార్లను మూలకు నెట్టేటప్పుడూ నాన్న అనే మాట అదే. దీనికి ఇక రెస్టు.

నాకు ఇరవై నాలుగేళ్ళు.

మార్చి 15
ఏడవలేదు. డైరీలో అబద్ధం రాయకూడదన్న రూలేమీ లేదు.

మార్చి 24, మధ్యాహ్నం 1
చెకప్. టెక్నీషియన్ ఆవిడ కంప్యూటర్ మౌస్ లాంటిది నా ఉబ్బు మీద పెట్టి లాప్‌టాప్ చూసుకుంటూ ఏం పని చేస్తావమ్మా అంది. మోటార్లు చుట్టేదాన్ని, మానిపించారు అన్నాను. ఎందుకట అంది. దూరాలు ఒప్పజెప్పాను. ఆవిడ కుర్చీ ఇటు తిప్పి నవ్వడం మొదలుపెట్టింది. అడుగులేంటమ్మా తల్లీ, అంగుళాలు! డ్రిల్లుకి ఆరు, తిరిగే మోటారుకి పన్నెండు, వెల్డింగ్‌కి ఇరవై నాలుగు, అదీ నూట ముప్పై ఆంప్స్ దాటకుండా. కళ్ళు తిరిగితే స్విచ్చాపి పక్కకు జరుగు. కాగితంలో రాసే ఇచ్చాం కదా అంది.

దూరం పెరిగితే మాగ్నెటిక్ ఫీల్డ్ ఎలా తగ్గుతుందో పరీక్షలో ఎనిమిది మార్కులకు రాసినదాన్ని. మూడు వారాలు గోడ మీది లామినేషన్‌ను నమ్మాను. ఇంట్లో బావ ఒక్కడే వెర్రివాడని ఇంతకాలం పొగరు.

బస్సులో దారంతా అతన్ని తిట్టడం రిహార్సల్ వేసుకున్నాను.

మార్చి 24, సాయంత్రం 6
తిట్లన్నీ వృథా.

నేను కల్పించానా, కాగితంలో ఉన్నదే కొట్టించా అని బావ ఒంటికాలి మీద లేచాడు. ఫైలు తెచ్చి నా ముందు పడేశాడు. నిజమే. అంకె పక్కన పైన చిన్న గీత ఒకటుంటే అడుగులు, రెండుంటే అంగుళాలు. మూడు అంకెల పక్కనా ఒక్కో గీతే ఉంది.

కాగితం ట్యూబ్‌లైట్‌కు ఎత్తి పట్టుకున్నాను. మూడు చోట్లా, ఒక్కో గీత పక్కన, కాగితం పల్చబడి వెలుగు దిగుతోంది. ఎవరో రెండో గీతను సగానికి విరిచిన బ్లేడుతో గీకేశారు. కాగితం చిరగకుండా, బ్లేడు పడుకోబెట్టి, సిరా పొర మాత్రం లేపేశారు. పాతకాలం ఇంజనీరింగ్ డ్రాయింగుల్లో తప్పులు అలాగే సరిదిద్దేవారు. మా షాపులో అది వచ్చిన చెయ్యి ఒక్కటే. నాకూ నేర్పబోయాడు. నేను ప్రతిసారీ చించేసేదాన్ని.

బావే అయితే ఎంత బాగుండేది.

మార్చి 25
అడిగాను. నాన్న పిండిమర మోటారులోంచి కాలిన తీగ లాగుతున్నాడు. తలెత్తకుండానే ఒప్పుకున్నాడు. ఆరంగుళాలు అని రాస్తే నువ్వు నాలుగు దాకా పోతావు పాపా, గీసిన గీతకు లోపలే నిలబడతావు ఎప్పుడూ, అందుకే కాస్త ఎక్కువ వదిలాను అన్నాడు. మెషిన్ పార్టు కొలతకు అటూ ఇటూ కాస్త టాలరెన్స్ వదిలినట్టు. మరి బావ మోటార్లన్నీ తగలేస్తుంటే అన్నాను. మోటారు కాలితే మళ్ళీ చుట్టుకోవచ్చు అన్నాడు.

గొప్ప డైలాగు. సినిమా అయితే ఇక్కడ నేను భోరుమనాలి.

నేను కళ్ళు తిరిగి పడిపోయిన రోజు నా చేతిలో డ్రిల్లు లేదు నాన్నా, కాఫీ కప్పుంది, దాని చుట్టూ గీయించు పసుపు పెయింటు అన్నాను. డ్రాయింగులో ఇంకెవరైనా అంగుళాన్ని అడుగు చేస్తే ఆ పూటే పనిలోంచి తీసేసేవాడివి అన్నాను. పిరికివాడివి అన్నాను. ఒకటో తారీఖున ఆ బెంచీ మీద నేనుంటాను, కాదంటే ఇంకో షాపులో ఉంటాను అన్నాను.

చేతిలో తీగ ముక్క వంచుతూ ఉండిపోయాడు. విరిగేదాకా వంచాడు.

మార్చి 28
షాపుకు తాళం వేశాక దిగి నేల మీది పసుపు గీతలు చెరుపుతున్నాను. అక్క వచ్చింది. మీ బావ నడుం పడిపోయేలా వంగి గీశారే, చూస్తే ఎంత నొచ్చుకుంటారో ఆలోచించావా అంది.

ఆలోచించాను. ఐదు సెకన్లు.

మార్చి 30
ఈ పెయింటు థిన్నర్‌కు కూడా లొంగట్లేదు. జీవితంలో బావ శ్రద్ధగా చేసిన పని ఇదొక్కటే.

ఏప్రిల్ 1
ఉదయం ఎనిమిదికి దిగాను. స్టూలు ఖాళీ. బావ ముందు గదిలో ఫోనెత్తి, హలో, చెప్పండి సార్ అంటున్నాడు. గొంతు తేనె. ఇన్నాళ్ళకు సరైన కుర్చీ దొరికింది ఇతనికి. పిండిమర మోటారు నా బెంచీ మీద ఉంది, తీగ కూర్చునే స్లాట్లన్నీ శుభ్రంగా తుడిచి. నేను థాంక్స్ చెప్పలేదు. నా బెంచీ నాకిచ్చినందుకు థాంక్సేంటి.

ఏప్రిల్ 4
చుట్టిన తీగకు పూసిన వార్నిష్ ఆరింది. స్విచ్ వేశాను. తిరిగింది. స్కేలుతో కొలిచి పన్నెండంగుళాల దూరంలో నేను. నాన్న నా మణికట్టు పట్టుకుని, గోడ గడియారం చూస్తూ, నాడి లెక్కపెడుతున్నాడు. మోటారు హోరులో లెక్క తప్పుతోంది. మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

చెయ్యి లాక్కోలేదు.