గాజుల చేతికి బీపీ పాఠం

బందరు,
సోమవారం

ప్రియమైన సీతామహాలక్ష్మి టీచర్ గారికి,

నీలోఫర్ సలాములు. మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఫోన్ చేస్తే ఏడ్చేస్తానని ఉత్తరం రాస్తున్నాను.

ముందు గొప్ప చెప్పుకోనివ్వండి. యూనివర్సిటీ వాళ్లు నన్ను డిజిటల్ వైద్య విద్యా కేంద్రానికి డైరెక్టర్ని చేశారు. నర్సింగ్ స్కూల్లో మీ పక్కన నిలబడి బీపీ చూడటం నేర్చుకున్న పిల్ల, ఇవాళ పదకొండు వందల మంది ఆశా కార్యకర్తలకు ఫోన్లో పాఠం చెబుతోంది. వచ్చే సోమవారం చేరాలి. కానీ చేరను టీచర్. వద్దని రాసిన కాగితం బ్యాగులోనే ఉంది. ఎందుకో మీకొక్కరికే చెబుతున్నాను.

పోయిన నెల కోడూరు వైపు వెళ్లాను. ఆశా కార్యకర్తలు పంపే అంకెలు కనిపించే మా ఆఫీసు స్క్రీన్ మీద అక్కడి గర్భిణులందరి బీపీ చక్కగా ఉంది. అదే ఊళ్లో రమ్య అనే అమ్మాయికి ఎనిమిదో నెలలో బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి. తల్లీ బిడ్డా దక్కారు. అది వాళ్ల అదృష్టం, నా గొప్ప కాదు. ఆ ఊరి ఆశా కార్యకర్త వీరదుర్గని అడిగితే తల దించుకుంది.

"సీమంతం గాజులండి మేడం. పురుడయ్యేదాకా తియ్యకూడదంటారు. మణికట్టుకి కట్టే మెషీనాయె, ఏం చేస్తాం? గాజుల మీదే కట్టాం. అంకె రాకపోతే నూట ఇరవై, ఎనభై వేసేశాం" అంది.

ఆ మెషీన్ ఎంచింది నేనే. పాఠం చెప్పిందీ నేనే. ఏడో నెలలో మా అమ్మీ నాకూ మోచేతిదాకా గాజులు తొడిగింది. నేనూ తియ్యలేదు. వీడియోలో మాత్రం బోసి చెయ్యి చూపించాను. తప్పు నాదేనని అక్కడి ఆశా కార్యకర్తలందరికీ చెప్పి వచ్చాను గానీ సిగ్గు పోలేదు. ఆ కుర్చీలో కూర్చునే మొహం నాకు లేదు.

మీ
నీలోఫర్


గుడివాడ,
శుక్రవారం

అమ్మాయ్ నీలోఫర్,

నా మోకాళ్లు బాగానే ఉన్నాయి. నీ బుర్రకే ఏదో అయింది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటారటే?

నీ ఉత్తరం చదివి బస్సెక్కి కోడూరు వెళ్లాను. వీరదుర్గ టీ ఇచ్చి ఏమందో విను. "మమ్మల్ని తిట్టినోళ్లే గానీ, మాతో పాటు చాప మీద కూర్చుని తప్పు నాదన్న పెద్దావిడ్ని ఇదే చూడ్డమండి. దొంగ అంకెలు వేసింది మేమేగా!"

నువ్వు వచ్చేశాక వాళ్లు ఊరికే కూర్చోలేదు. హెల్త్ సెంటర్లో మూలపడ్డ పాత బీపీ మెషీన్లు బయటికి తీశారు. బాలింత రమ్యకి పాఠం కోసం మళ్లీ చేతినిండా గాజులు తొడిగి కూర్చోబెట్టి, వాటి జోలికి పోకుండా జబ్బకి పట్టీ కట్టి, ఫోన్లో పాఠం తీశారు. నాలుగు నిమిషాలే. చెప్పింది వీరదుర్గ. చెప్పొద్దూ, నీకంటే బాగా చెప్పింది. "నేను దొంగ అంకె వేశానండి, మీరు వెయ్యకండి" అని మొదలుపెట్టింది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను, పిల్లల ముందు అంత మాట అనే ధైర్యం నాకు ఏనాడూ రాలేదు. వాళ్లకి అది నిన్ను చూసి వచ్చింది. నా శిష్యురాలివని ఆ ఊరంతా చెప్పుకుని వచ్చాను.

ఆ పాఠం మీ పదకొండు వందల మందికీ వెళ్లాలంటే డైరెక్టర్ సంతకం కావాలట. మీ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కున్నాను. సోమవారం మధ్యాహ్నానికల్లా అందరి ఫోన్లలోనూ ఉంటుందని వీరదుర్గకి మాటిచ్చేశాను. నా మాట పోగొడతావో, సంతకం పెడతావో నీ ఇష్టం.

నీ మీద పెత్తనం ఇంకా వదులుకోని
సీతామహాలక్ష్మి టీచర్